32 ఏళ్లకు జీర్ణాశయ క్యాన్సర్: నా అనుభవం

జీర్ణాశయ క్యాన్సర్‌ను లక్షణాలు లేనప్పుడే పట్టుకోవడానికి ప్రజలందరికీ పరీక్షలు చేయించే దేశాలు చాలా తక్కువ. ఈ జబ్బు ఎక్కువగా కనిపించే దక్షిణ కొరియాలో 40 ఏళ్లు నిండినవారికి రెండేళ్లకోసారి పరీక్ష ఉంటుంది. జపాన్‌లో ఎండోస్కోపీ (నోటి ద్వారా సన్నని గొట్టంతో కెమెరా పంపి చూసే) పరీక్షకు 50 ఏళ్లు నిండాలి. మన దేశంలో అలాంటి కార్యక్రమం లేదు. నాకు జబ్బు బయటపడేనాటికి 32 ఏళ్లు. అంటే నేను కొరియాలో ఉన్నా ఆ పరీక్ష నా దాకా వచ్చేది కాదు. నా వయసు వారిలో ఈ జబ్బు తెలియాలంటే లక్షణాలను బట్టే తెలియాలి, ఆ లక్షణాలేమో ప్రతి ఇంట్లోనూ వినిపించే గ్యాస్, అజీర్తి బాధల్లాగే ఉంటాయి. అందుకే చికిత్స సంగతికి వెళ్లే ముందు, మొదట్లో నాకు ఏమేం అనిపించేదో కాస్త వివరంగా రాస్తాను.

నేను గుంటూరులో ఒక జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తాను. మొదట వచ్చింది నొప్పి కాదు. నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోయినట్టుండేది. ఆకలి మీద కూర్చుని ఇష్టంగా కలుపుకున్న పప్పన్నం కూడా సగంలో వదిలేసి లేచేదాన్ని. ఆ తర్వాత పైకడుపులో బరువు, త్రేన్పులు, అప్పుడప్పుడు వికారం మొదలయ్యాయి. మందుల షాపులో ఇచ్చిన పాంటాప్రజోల్ వేసుకున్నన్ని రోజులు కొంత నయంగా ఉండేది. ఆమ్లాన్ని తగ్గించే ఈ మాత్రలు క్యాన్సర్ పుండు పైభాగాన్ని కూడా కొంతవరకు మాన్పి, ఉన్న జబ్బును కప్పిపుచ్చగలవని నాకు చాలా తర్వాత తెలిసింది. అదే సమయంలో చేయించిన రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉంది. బిడ్డ తల్లి, వయసులో ఉన్న స్త్రీ, కాబట్టి నెలసరి వల్లనే రక్తం తగ్గి ఉంటుందన్నారు. ఐరన్ మాత్రలు వాడినా అది పెరగలేదు. బరువు తగ్గుతున్నానని కళాశాలలో తోటి అధ్యాపకులు మెచ్చుకున్నారు కూడా. ఐరన్ మాత్రలు సరిగా వాడుతున్నా రక్తం పెరగడం లేదంటే, అది ఎక్కడ పోతోందో వెతకాలి తప్ప మాత్రల మోతాదు పెంచుకుంటూ పోకూడదని నేను ఇప్పుడు నాకు తెలిసిన ప్రతి స్త్రీకీ చెబుతున్నాను. నెలసరి అనే కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉండటం వల్ల మన విషయంలో రెండో కారణం కోసం ఎవరూ చూడరు.

మొదటి ఎండోస్కోపీ మా ఊళ్లోనే జరిగింది. గొంతులో మత్తు స్ప్రే కొట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ కడియం పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఓకరింపు వచ్చినా, మనం అనుకునేంత ఘోరమైన పరీక్ష కాదది. కొన్ని నిమిషాల్లో అయిపోయింది. పొట్ట లోపలి పొర కొంచెం వాచినట్టుందని చెప్పి రెండు ముక్కలు తీసి పంపారు. దీర్ఘకాలిక గ్యాస్ట్రైటిస్ అని రిపోర్టు వచ్చింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ బాధ తగ్గలేదు. తిన్నది తిన్నట్టు వాంతి కావడం మొదలయ్యాక హైదరాబాదులో జీర్ణకోశ వ్యాధుల నిపుణులొకరి దగ్గరికి వెళ్లాం. ఆయన పాత రిపోర్టు చదివి, దాన్ని పక్కన పెట్టి, మళ్లీ ఎండోస్కోపీ చేశారు. సాధారణంగా లోపలికి గాలి పంపినప్పుడు జీర్ణాశయం చక్కగా విచ్చుకుంటుందట, నాది విచ్చుకోలేదు. పొర మీద పెద్ద పుండు గానీ గడ్డ గానీ లేకపోయినా, గోడ మాత్రం బిగుసుకుపోయి ఉంది. ఆయన చాలా ముక్కలు తీశారు, కొన్నింటిని ఒకే చోట ఒకదాని కింద ఒకటిగా లోతుకు వెళ్లి తీశారు. ఆ లోతు ముక్కల్లోనే జబ్బు దొరికింది.

ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే ఈ క్యాన్సర్ స్వభావం కొంచెం తెలియాలి. జీర్ణాశయ క్యాన్సర్లను 1965 నుంచి ప్రధానంగా రెండు రకాలుగా చూస్తున్నారు. ఒకటి పేగు పొరను పోలిన కణాలతో గడ్డగా పెరిగేది. వయసు మళ్లినవారిలో, ఏళ్ల తరబడి వాచిన పొర మీద ఎక్కువగా వచ్చేది ఇదే. రెండోది డిఫ్యూజ్ రకం. ఇందులో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండవు. విడివిడిగా గోడ లోపలికి పాకిపోతాయి. నా రిపోర్టులో రాసిన, ముద్ర ఉంగరంలా కనిపించే సిగ్నెట్ రింగ్ కణాలు ఈ కోవలోవే. యువతలో, అందులోనూ స్త్రీలలో, ఈ రెండో రకమే ఎక్కువగా కనిపిస్తుంది. పైపొర కింద దాగి పెరుగుతుంది కనుక పైపైన తీసిన ఒకటి రెండు ముక్కల్లో అది దొరక్కపోవచ్చు. కనీసం ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయాలని వైద్య మార్గదర్శకాలు చెప్పడానికి కారణమిదే. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా బాధ పెరుగుతూనే ఉంటే, రిపోర్టును కాకుండా బాధను నమ్మి రెండోసారి పరీక్ష అడగడం రోగి హక్కు అని నేను నమ్ముతున్నాను.

డాక్టర్ గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, తెల్ల కాగితం మీద జీర్ణాశయం బొమ్మ గీసి విషయం చెప్పారు. మా వారు అడిగిన మొదటి ప్రశ్న, ఈ వయసులో ఇది ఎలా వచ్చిందని. నాన్నగారు కూడా ఫోనులో, "నాకు రావలసింది నీకొచ్చిందేమిటమ్మా" అని ఏడ్చారు. వయసు అనే ఆ మాట తర్వాత ప్రతి మెట్టు దగ్గరా వేరు వేరు రూపాల్లో ఎదురైంది. నాకు ఇచ్చిన మందులు 65 ఏళ్ల మనిషికి ఇచ్చే మందులే, చేసిన ఆపరేషన్ కూడా అదే. అడగవలసిన ప్రశ్నలు మాత్రం వేరు.

సీటీ స్కాన్‌లో జీర్ణాశయం గోడ మందంగా కనిపించింది, కాలేయంలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఏమీ లేదు. అక్కడితో ధైర్యం వచ్చేసింది. అయితే సర్జన్ గారు వెంటనే లాపరోస్కోపీ చేయాలన్నారు. పెట్ స్కాన్ తీయిస్తే సరిపోదా అని అడిగాను. ఆ స్కాన్ చక్కెరను ఎక్కువగా పీల్చుకునే కణాలను వెలిగించి చూపుతుందని, సిగ్నెట్ రింగ్ కణాలు చాలాసార్లు సరిగా వెలగవని ఆయన చెప్పారు. ఈ రకం జబ్బు మొదట పాకేది కడుపు లోపల అవయవాలను కప్పి ఉండే పెరిటోనియం అనే పలుచని పొర మీదికి. అక్కడ ఆవగింజల్లా ఉండే మచ్చలు ఏ స్కాన్‌లోనూ కనిపించకపోవచ్చు. అందుకని మత్తు ఇచ్చి, చిన్న గాట్ల ద్వారా కెమెరా పంపి కంటితో చూస్తారు. ఉప్పునీటితో కడిగి ఆ నీటిలో క్యాన్సర్ కణాలున్నాయేమో పరీక్షిస్తారు. కణాలుంటే జబ్బు నాలుగో దశలోనిది కింద లెక్క, చికిత్స దారే మారిపోతుంది. మొత్తం ప్రయాణంలో నేను ఎక్కువగా భయపడింది ఆ కడుగునీటి రిపోర్టుకే. అందులో కణాలు లేవని వచ్చింది. ఖర్చు పెరుగుతుందని ఈ మెట్టును వదిలేసి నేరుగా ఆపరేషన్‌కు వెళ్లేవారున్నారు. పొట్ట తెరిచాక జబ్బు పొర మీద కనిపించి మూసేయడం కంటే, ముందే తెలుసుకోవడం ఎంతో మేలు.

కీమోథెరపీ మొదలుపెట్టే ముందు అక్కడి వైద్యురాలు ఒక ప్రశ్న అడిగారు: ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా? కీమో మందులు అండాశయాలను దెబ్బతీయవచ్చు. అండాలు గానీ పిండాలు గానీ తీసి భద్రపరచుకోవాలంటే దాదాపు రెండు వారాలు పడుతుంది, అదీ మొదటి కీమోకు ముందే జరగాలి. పురుషులకైతే వీర్యాన్ని భద్రపరచడం ఒకటి రెండు రోజుల పని. మాకు అప్పటికే నాలుగేళ్ల పాప ఉంది. వాంతులతో నేను నీరసించి ఉన్నాను. ఆలస్యం చేయవద్దని మేమిద్దరం నిర్ణయించుకున్నాం. పెళ్లికాని వారికి, పిల్లలు లేనివారికి ఈ నిర్ణయం ఇంత సులువు కాదు. క్యాన్సర్ అన్న మాట విన్న గాభరాలో ఎవరికీ ఈ సంగతి తట్టదు, పెద్దల ముందు అడగడానికి సిగ్గు అడ్డొస్తుంది. డాక్టర్లు అడగకపోతే మనమే అడగాలి.

నాకు ఇచ్చిన కీమో పేరు ఫ్లాట్. డోసిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, ల్యూకోవోరిన్, ఫ్లూరోయురాసిల్ అనే నాలుగు మందుల కలయిక అది. రెండు వారాలకోసారి చొప్పున ఆపరేషన్‌కు ముందు నాలుగు, తర్వాత నాలుగు. చివరి మందు 24 గంటల పాటు సన్నగా ఎక్కుతూనే ఉంటుంది కనుక, కాలర్ ఎముక కింద చర్మంలో పోర్ట్ (మందును నేరుగా రక్తనాళంలోకి పంపే చిన్న పరికరం) అమర్చారు. జుట్టు రాలడం గురించి అందరికీ తెలుసు. ఆక్సాలిప్లాటిన్ వల్ల చల్లదనం సహించకపోవడం గురించి ఎవరికీ తెలియదు. గుంటూరు మే నెల ఎండల్లో నేను గోరువెచ్చని నీళ్లే తాగాను. ఫ్రిజ్ తలుపు తీస్తే వేళ్లలో కరెంటు షాకులా జిల్లుమనేది, చల్లని మజ్జిగ గుక్క వేస్తే గొంతు పట్టేసినట్టయ్యేది. తెల్లరక్తకణాలు పడిపోకుండా ఇంజెక్షన్ ఇచ్చేవారు, జ్వరం 100.4 డిగ్రీలు దాటితే రాత్రీ పగలూ చూడకుండా ఆసుపత్రికి రమ్మని కాగితం మీద రాసిచ్చారు. ఇన్ని బాధల మధ్య ఒక మంచి సూచన కూడా కనిపించింది. రెండో విడత తర్వాత వాంతులు ఆగి, చాలా కాలానికి నేను ఒక ఇడ్లీ పూర్తిగా తిన్నాను.

సర్జన్ గారిని నేను అడిగిన ప్రశ్న, జీర్ణాశయం మొత్తం తీసేస్తే మనిషి బతకగలడా అని. 1897లోనే స్విట్జర్లాండులోని జూరిచ్‌లో కార్ల్ ష్లాటర్ అనే సర్జన్ ఒక స్త్రీకి ఆ ఆపరేషన్ విజయవంతంగా చేశారని ఆయన చెప్పారు. విడివిడిగా పాకే జబ్బు కనుక కంటికి కనిపించే హద్దును నమ్మడానికి లేదు. అందుకే సగం కాకుండా మొత్తం తీసేస్తారు. దానితోపాటు చుట్టుపక్కల రక్తనాళాల వెంబడి ఉండే లింఫ్ గ్రంథులనూ తీస్తారు. అన్నవాహికను చిన్నపేగుకు కలిపి కుడతారు. ఆ కుట్టు దగ్గర లీకు వస్తుందేమోనన్నదే మొదటి వారంలో అందరి భయం. నాకు అలా జరగలేదు. నోటితో తగినంత తినగలిగేదాకా పేగులో అమర్చిన చిన్న గొట్టం ద్వారా ద్రవాహారం ఇచ్చారు. ఆపరేషన్ గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు, ఎందుకంటే అందులో కష్టమంతా వారిది. నా వంతు ఆ తర్వాత మొదలైంది.

చెరువుకు తూము ఉన్నట్టే, జీర్ణాశయం తిన్నదంతా నిలవ చేసి పేగుల్లోకి కొద్దికొద్దిగా వదులుతుంది. అది లేనప్పుడు తిన్నది తిన్నట్టు ఒక్కసారిగా చిన్నపేగులో పడుతుంది. అందులో తీపి ఎక్కువగా ఉంటే పేగు నీటిని లాక్కుంటుంది. తిన్న పావుగంటకో అరగంటకో కడుపులో మెలిపెట్టడం, గుండె దడ, చెమటలు, విరేచనం వస్తాయి. దీన్నే డంపింగ్ అంటారు. కొందరికి రెండు మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. నాకు రెండూ వచ్చాయి. గుడిలో ప్రసాదంగా పెట్టిన చక్కెర పొంగలి ఒక చెంచాడు తిని మంటపం స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాను.

రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు, ప్రతిసారీ చిన్న గిన్నెడు మాత్రమే తినమని డైటీషియన్ చెప్పారు. అన్నంతో నీళ్లు తాగకూడదు. అరగంట ముందో అరగంట తర్వాతో తాగాలి. ప్రతి ముద్దలో పప్పో, గుడ్డో, చేపో, పనీరో ఏదో ఒక మాంసకృత్తు ఉండాలి. మెత్తటి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, ఇడ్లీకి పల్లీల పొడి, ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన కొర్రమీను ముక్క నాకు బాగా పడ్డాయి. రోగికి బలమని అందరూ తెచ్చే పండ్ల రసాలు, బెల్లం వేసిన రాగిజావ, గ్లూకోజు నీళ్లు నాకు పడలేదు, ఎందుకంటే అవి ద్రవాలు, పైగా తీపి. పాలు కొన్ని నెలలు పడలేదు, పెరుగు పడింది. కారం మానాలని ఎవరూ చెప్పలేదు కానీ గుంటూరు కారానికి తిరిగి అలవాటు పడటానికి సమయం పట్టింది. తిన్నాక వెంటనే పడుకుంటే పైత్యరసం గొంతులోకి ఎగదన్నుతుంది కనుక ఇప్పటికీ తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకుంటాను.

అన్నిటికంటే వింతగా అనిపించింది ఆకలి పోవడం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువ భాగం జీర్ణాశయంలోనే తయారవుతుంది. అది లేదు కాబట్టి నేను గడియారం చూసి తింటాను. ఫోనులో అలారం మోగితే తినడమే. మన ఇళ్లలో ప్రేమంటే ఇంకొక ముద్ద వడ్డించడం. అమ్మ, అత్తయ్యగారు ఇద్దరూ అలాగే ప్రేమించారు, నేను వద్దన్న ప్రతిసారీ వారి మొహాలు చిన్నబోయేవి. చివరికి అత్తయ్యగారే డైటీషియన్ దగ్గరికి నాతో వచ్చి, అన్నీ అడిగి తెలుసుకుని, పెద్ద కంచాన్ని అటక మీద పెట్టేశారు. అప్పటి నుంచి నాకు వడ్డించేది పాప గిన్నెలోనే. కళాశాలలో క్లాసుకీ క్లాసుకీ మధ్య తినడానికి ప్రిన్సిపాల్ గారు వీలు కల్పించారు. ఆ చిన్న సదుపాయం లేకపోతే నేను ఉద్యోగంలో ఉండేదాన్ని కాదు. బరువు పదో వంతుకు పైగా తగ్గి ఆ తర్వాత నిలబడింది.

చిన్న వయసు వల్ల ఇక్కడ మరొక లెక్క ఉంది. విటమిన్ బి12 ఒంటికి పట్టడానికి అవసరమైన పదార్థం జీర్ణాశయం గోడలోనే తయారవుతుంది. కాలేయంలో ఉన్న నిల్వలు కొన్నేళ్లు సరిపోతాయి కనుక మొదట్లో లోపం తెలియదు. తెలిసేసరికి నరాలు దెబ్బతినవచ్చు. ఐరన్, కాల్షియం కూడా సరిగా పట్టవు, ఎముకలు పలుచబడతాయి. చికిత్స ఫలించి నేను ఇంకా దశాబ్దాల పాటు బతకాలనే కదా అందరి ఆశ. అన్ని దశాబ్దాలూ బి12 ఇంజెక్షన్ తప్పదు, ఎముకల సాంద్రత పరీక్ష చేయిస్తూ ఉండాలి. ఇవన్నీ డిశ్చార్జి కాగితంలో ఒక్క వరుసలో ఉంటాయి. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపుకు అంటించాం.

తీసిన భాగాన్ని పరీక్షించిన రిపోర్టులో అంచుల్లో జబ్బు లేదని, కొన్ని గ్రంథుల్లో మాత్రం ఉందని వచ్చింది. మిగిలిన నాలుగు విడతల కీమో మొదటి వాటికంటే కష్టంగా గడిచింది. ఆ రోజుల్లోనే నేను లెక్కలు వెతికాను. 2019లో ప్రచురితమైన జర్మనీ అధ్యయనంలో ఫ్లాట్ తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 50 నెలలు, పాత కీమో తీసుకున్నవారిది 35 నెలలు. 50 అన్న అంకె చూసి పాప అప్పటికి ఎన్నో తరగతిలో ఉంటుందో లెక్కపెట్టుకున్నాను. డాక్టర్ గారు ఓపికగా వివరించారు: మధ్యస్థమంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలం ఉన్నారని అర్థం, అది ఎవరికీ గడువు కాదు. ఆ మాట నాకు మందంత పని చేసింది.

చివరి మెట్టు జన్యు పరీక్ష. 1998లో న్యూజిలాండులోని ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే ఈ జబ్బు ఎందుకు వస్తోందో వెతుకుతూ పరిశోధకులు సీడీహెచ్1 అనే జన్యువులో లోపాన్ని కనుగొన్నారు. కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే ఇ-క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్ ఈ జన్యువు వల్లే తయారవుతుంది. అది లోపిస్తే కణాలు విడిపోయి పాకుతాయి. ఈ లోపం ఉన్న స్త్రీలకు ఒక రకం రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ. 50 ఏళ్లలోపు డిఫ్యూజ్ రకం వచ్చినవారికి కుటుంబంలో ఎవరికీ లేకపోయినా ఈ పరీక్ష చేయాలని 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తం ఇచ్చే ముందు జన్యు సలహాదారు మా కుటుంబ వృక్షం గీయించారు. కడుపులో పుండుతో పోయాడని మేము చిన్నప్పటి నుంచి వింటున్న తాతగారి తమ్ముడి గురించి అప్పుడే మొదటిసారి గట్టిగా ఆలోచించాం. లోపం ఉన్నట్టు తేలితే పాపకు, తమ్ముడికి, చెల్లికి అది ఉండే అవకాశం సగం సగం అని, కొందరు జబ్బు రాకముందే జీర్ణాశయం తీయించుకుంటారని ఆమె చెప్పారు. ఫలితం వచ్చేదాకా పాప తల దువ్వుతున్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తుకొచ్చేది.

లోపం లేదని వచ్చింది. చిన్న వయసు రోగుల్లో చాలామందికి ఇలాగే వస్తుందట; అంటే నా జబ్బుకు కారణం తెలియలేదు. అయినా నా రక్తసంబంధీకులకు హెలికోబాక్టర్ పైలోరీ పరీక్ష చేయించమన్నారు. 1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ గుర్తించిన, జీర్ణాశయంలో ఉండే ఈ బాక్టీరియాను 1994లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తాయని ఖాయంగా తేలినవాటిలో చేర్చారు. దాన్ని కనుగొన్నవారికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఇది సర్వసాధారణం. ఉన్నవారిలో అత్యధికులకు క్యాన్సర్ రాదు, కానీ ఇంట్లో ఒకరికి వచ్చాక దాన్ని ఉంచుకోవడంలో అర్థం లేదు. చెల్లికి లేదు. తమ్ముడికి ఉంది. రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు వాడి, అది పూర్తయ్యాక నాలుగు వారాలు దాటనిచ్చి, గ్యాస్ మాత్రలు రెండు వారాల ముందే ఆపి, శ్వాస పరీక్ష చేయించుకున్నాడు. ఇప్పుడు లేదని వచ్చింది. అమ్మకు వచ్చే నెలలో ఎండోస్కోపీ ఉంది. గొట్టం అంటే ఆవిడకు భయం కాబట్టి ఆ రోజు సెలవు పెట్టి నేనే తీసుకెళ్తున్నాను.